ఏ బాధా లేని బీపీకి మాత్ర ఎందుకు?

"తలనొప్పి లేదు, కళ్ళు తిరగవు. బీపీ ఎక్కువుందని మాత్ర వేసుకోమంటారేం?" అని ఒక పాఠకుడు అడిగారు. 1940లలో అయితే చాలామంది డాక్టర్లు కూడా ఆయన పక్షమే. వయసుతో బీపీ పెరగడం మామూలే, గట్టిపడిన నాళాల్లోకి రక్తాన్ని నెట్టాలంటే ఆ మాత్రం ఒత్తిడి ఉండాల్సిందే అనుకునేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ 1944 మార్చిలో 186/108. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై చనిపోయిన రోజున 300/190!

గుండెజబ్బు ఎవరికి, ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి 1948లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో, ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని, రెండేళ్ళకోసారి పరీక్షించడం మొదలుపెట్టారు. మందూ లేదు, మాకూ లేదు. కొలవడం, రాసిపెట్టడం, ఎవరికి ఏమవుతుందో చూడడం, అంతే. 1971లో వాళ్ళ పిల్లలూ, 2002లో మనవలూ చేరారు.

గుండెపోటు వచ్చినవాళ్ళనే పట్టుకుని అడగొచ్చు కదా? కుదరదు. పోయినవాళ్ళు చెప్పలేరు. బతికినవాళ్ళు మొన్నటి గొడవనో టెన్షన్‌నో తలరాతనో తలుచుకుంటారు. పైగా గుండెపోటు తర్వాత కొద్ది రోజుల్లోనే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది, నీరసించిన గుండె వల్ల బీపీ కూడా పడిపోవచ్చు. అంటే నేరం జరిగాక సాక్ష్యం చెరిగిపోతుంది. ముందే కొలిచి పెట్టుకోవాలి. అలా క్రమం తప్పకుండా ఈసీజీ తీస్తూ పోతే ఇంకో సంగతి బయటపడింది: గుండెపోట్లలో దాదాపు నాలుగో వంతు ఆ రొటీన్ ఈసీజీలోనే దొరికాయి. వాటిలో సగం మందికి ఏ బాధా తెలియనే లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం వీళ్ళ లెక్క. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, బరువు, సిగరెట్లు... ఇలా ఏడు కారణాలు అనుకుందాం. ఒక్కోదాన్ని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ముక్కలు చేస్తే పట్టికలో 2,187 గళ్ళు వస్తాయి. 5,209 మందిని పంచితే గడికి ఇద్దరో ముగ్గురో. స్త్రీ పురుషులను విడదీస్తే ఒక్కరు. ఒక్కరిని చూసి ఏం చెబుతాం?

జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే గణాంకవేత్త పట్టికను పక్కన పెట్టాడు. శాతాన్ని కాకుండా, పందేల్లో చెప్పే నిష్పత్తిని, అంటే జబ్బు వచ్చే అవకాశానికీ రాని అవకాశానికీ ఉన్న నిష్పత్తిని తీసుకున్నాడు. గండం (జబ్బు వచ్చే అవకాశం) 60 శాతం ఉన్నవాడికి సిగరెట్ దాన్ని రెట్టింపు చేస్తుందంటే 120 శాతం అవుతుంది, అర్థం లేదు. అదే 60:40 నిష్పత్తిని రెట్టింపు చేస్తే 120:40, అంటే 75 శాతం. 10:90 అయితే 20:90, అంటే సుమారు 18 శాతం. ఎన్నిసార్లు రెట్టించినా నూరు దాటదు. ఇక ఈ నిష్పత్తికి లాగరిథమ్ తీస్తే గుణకారాలన్నీ కూడికలైపోతాయి. (బళ్ళో లాగరిథమ్ పట్టికలు తిరగేయించిన మాస్టార్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది!) ఇప్పుడు 2,187 గళ్ళు అక్కర్లేదు. కారణానికో గుణకం చొప్పున ఏడు, ఒక మూలసంఖ్య, మొత్తం ఎనిమిది అంకెలు చాలు. ట్రూయెట్, కానెల్ అనే పరిశోధకులతో కలిసి కార్న్‌ఫీల్డ్ 1967లో ఫ్రేమింగ్‌హామ్ పన్నెండేళ్ళ సమాచారంతో ఈ లెక్క చేసి చూపాడు.

పాఠకుడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కాస్త ఎక్కువ బీపీ ఒక్కటే అయితే చిన్న కూడిక. దానికి సిగరెట్టూ వయసూ కొలెస్ట్రాలూ కలిస్తే, లాగరిథమ్ విప్పినప్పుడు అవన్నీ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. ఆ మొత్తం పెరుగుతున్నంతకాలం ఒంట్లో ఏ బాధా ఉండకపోవచ్చు.

మరి ఆ ఊరివాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళే కదా, వాళ్ళ అంకెలు అందరికీ సరిపోతాయా? 2001లో అమెరికాలోని ఇతర జాతుల మీద సరిచూశారు. జపనీస్ అమెరికన్ పురుషుల్లాంటి కొన్ని వర్గాలకు ఈ లెక్క గండాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపింది. స్థానిక సగటులకు తగ్గట్టు సవరించాక మాత్రం బాగానే పనిచేసింది. గుణకాల జోలికి పోనక్కర్లేకపోయింది.