తోక బురదలో, గందరగోళం పుస్తకాల్లో

డచ్చివాళ్ళ ఓడ సిబోగా 1899-1900లో ఇప్పటి ఇండోనేషియా చుట్టుపక్కల సముద్రపు అడుగు దేవి తెచ్చిన సరుకులో దారప్పోగుల్లాంటి పురుగులు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ సన్నటి గొట్టంలో కాపురం. ఫ్రెంచి శాస్త్రవేత్త మోరిస్ కోలరీ 1914లో వాటికి ఓడ పేరు కలిసొచ్చేలా సిబోగ్లినమ్ అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టాడు గానీ ఎవరి చుట్టమో తేల్చలేకపోయాడు. నోరూ పేగూ లేని జంతువుని చూస్తే ఎవరికైనా అదే పరిస్థితి.

తర్వాత ఇలాంటివి ఇంకా దొరికాయి. వీటి కోసం పోగనోఫోరా అని విడిగా ఒక వర్గమే పెట్టారు. గ్రీకులో 'గడ్డం మోసేవి' అని అర్థం, తల దగ్గర వేలాడే పోగుల వల్ల. శరీరం మూడు భాగాలుగా కనిపించింది. నాడీదండం ఉన్న వైపే వీపు అనుకున్నారు. ఆ లెక్కన వీటిని సముద్ర నక్షత్రాలూ, వెన్నెముక ఉన్న మనమూ ఉన్న కొమ్మ మీద కూర్చోబెట్టారు.

అసలు చిక్కు తోకతో వచ్చింది. వలతో పైకి లాగేటప్పుడు పురుగు తెగి, వెనక ముక్క బురదలోనే ఉండిపోయేది. అది లేని పురుగునే పూర్తి పురుగు అనుకుని దశాబ్దాలపాటు వాదించుకున్నారు! 1964లో తోక దొరికింది. చూస్తే అందులో వరసగా చిన్న చిన్న ఖండాలు, వాటికి శూకాలు. వానపాముని వేళ్ళతో నిమిరితే గరుకుగా తగిలేవి అవే. వానపాములుండే అనెలిడా వర్గంలో నాడీదండం పొట్ట వైపు ఉంటుంది. అంటే ఇన్నాళ్ళూ వీపు అనుకున్నది పొట్ట అన్నమాట.

1977లో ఆల్విన్ జలాంతర్గామి పసిఫిక్ మహాసముద్రంలో గాలపాగోస్ దీవుల దగ్గర దాదాపు 2,500 మీటర్ల లోతుకి దిగినప్పుడు వీటి పెద్దన్న కనిపించింది. వెళ్ళినవాళ్ళంతా భూగర్భ, రసాయన శాస్త్రవేత్తలే. జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. దొరికిన జీవుల్ని నిలవ ఉంచడానికి పనామాలో కొన్న వోడ్కా కూడా వాడాల్సి వచ్చింది.

ఆ పెద్దన్న పేరు రిఫ్టియా. గొట్టం దాదాపు 2 మీటర్ల దాకా పెరుగుతుంది. రొయ్య పొట్టులో ఉండే కైటిన్‌తోనే పురుగు దాన్ని కట్టుకుంటుంది. పైన ఎర్రటి కుచ్చు, అది దానికి మొప్ప. ఎరుపు హీమోగ్లోబిన్‌ది. మన హీమోగ్లోబిన్‌కి చేతకాని పని ఒకటి అది చేస్తుంది: ఆక్సిజన్‌తోపాటు, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌నీ మోస్తుంది. మనకది విషం. కుచ్చు కింద కాలర్ లాంటి కండ పట్టీ, పురుగుని గొట్టంలో పట్టి ఉంచుతుంది. ఆ కింద పొడవాటి మొండెం. దాని నిండా స్పంజిలాంటి కణజాలం, అందులో కిక్కిరిసిన బాక్టీరియా. సల్ఫైడ్ నుంచి శక్తి తీసి తిండి వండిపెట్టేది అవే. మొండెంలో గంధకం స్ఫటికాలున్నాయని ఒక ఉపన్యాసంలో విన్న హార్వర్డ్ విద్యార్థిని కొలీన్ కావనాకి ఈ సంగతి తట్టింది. 1981లో ఆధారాలు ప్రచురించింది. అన్నిటికన్నా కింద ఆ ఖండాల తోక, గొట్టంలో లంగరు లాగా.

రిఫ్టియా బంధువులకు 1985లో మళ్ళీ ఒక కొత్త వర్గం పెట్టారు. నాకైతే అది తొందరపాటే అనిపిస్తుంది, తోక అప్పటికే చేతిలో ఉంది కదా. 1990ల్లో డీఎన్‌ఏ పరీక్షలు రెండు వర్గాలనీ కలిపి, అనెలిడాలో ఒక మామూలు కుటుంబంగా దించేశాయి. దాని పేరు సిబోగ్లినిడే, ఆ మొదటి ఓడ గుర్తుగా.

కోలరీ వెతికిన నోరు కూడా రిఫ్టియాలో కనిపించింది, పసి పురుగుల్లో. చిన్నప్పుడు నోరూ పేగూ రెండూ ఉంటాయి. బాక్టీరియా మాత్రం నోట్లోంచి కాదు, చర్మంలోంచి దూరతాయి. అవి లోపల స్థిరపడ్డాక పేగు కరిగిపోతుంది, నోరు మూసుకుపోతుంది.