‘ఒక్క చెంచా తీర్థమే కదమ్మా!’

తిరుపతిలో బాలింతలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. హెచ్‌ఐవీ ఉన్న తల్లి పాలకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంట్లోని ఉగ్గుగిన్నె.

అపోహ: ఆ తల్లి పాలు బిడ్డకు విషమే.
వాస్తవం: పాల ద్వారా వైరస్ సోకే వీలుంది, కాదనను. కానీ తల్లి రోజూ ఏఆర్‌టీ మాత్ర (హెచ్‌ఐవీని అణచే మందు) వేసుకుంటూ, రక్తంలో వైరస్ అణిగి ఉంటే ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది. సున్నా అని మాత్రం మాటివ్వను. పుట్టిన బిడ్డకు వైరస్ సోకకుండా నెవిరపిన్ సిరప్ కనీసం 6 వారాలు పట్టాలి. ముప్పు ఎక్కువనుకుంటే డాక్టరు మరో మందు కలిపి 12 వారాలు ఇస్తారు.

అపోహ: తల్లిపాలతోపాటు కాస్త ఆవుపాలు, తేనె, వస పెడితే ఏమవుతుంది?
వాస్తవం: నా గొంతు అరిగేది ఇక్కడే. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అత్తగారు, కోడలి కన్ను అంటుకోగానే కొంగుచాటు నుంచి చిన్న సీసా తీశారు. ‘కొండమీది తీర్థం. ఒక్క చెంచానే కదమ్మా!’ ఆమెకు కోడలి సంగతి తెలియదు. చెప్పే హక్కు నాకు లేదు, 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమూ ఒప్పుకోదు. ‘పెద్దమ్మా, ఏ బిడ్డకైనా ఆరు నెలలు తల్లిపాలే. నీళ్లు కూడా వద్దు’ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కాసేపు ఆలోచించి, తీర్థాన్ని బిడ్డ తలపై చిలకరించి మూత బిగించారు.

పైపాలు, నీళ్లు లేత పేగుపొరను దెబ్బతీస్తే వైరస్‌కు దారి దొరుకుతుంది. ఇప్పటికే పట్టేశారా? మాన్పించాల్సింది ఆ చెంచాను, తల్లిపాలను కాదు.

అపోహ: డబ్బాపాలే క్షేమం.
వాస్తవం: శుభ్రమైన నీళ్లు, పూటపూటా గిన్నె మరిగించే ఓపిక, నెలనెలా డబ్బాలకు డబ్బు ఉన్నవారికి సరే. లేకపోతే విరేచనాలు బిడ్డను పీల్చేస్తాయి. ఒకప్పుడు మేమే డబ్బా వైపు మొగ్గేవాళ్లం. ఆ సలహాతో ఇంటికెళ్లిన ఒకామెను ‘పాలెందుకు ఇవ్వడం లేదు?’ అని వీధంతా నిలదీసింది. అది నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

చనుమొన పగిలి రక్తమో చీమో వస్తే ఆ వైపు పాలు పిండి పారబోసి, రెండో వైపు ఇవ్వాలి. అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.

అపోహ: ఆరో వారం బిడ్డకు చేసే హెచ్‌ఐవీ పరీక్షలో నెగెటివ్ వస్తే ఇక పని అయిపోయినట్టే.
వాస్తవం: లేదు. 6, 12, 18 నెలలకూ పరీక్షలుంటాయి. పాలు మాన్పించిన మూడు నెలలకు మరోసారి చూడాలి. ఆరు నెలలు నిండాక రాగిజావ మొదలుపెట్టినా, కనీసం ఏడాది దాకా పాలు కొనసాగాలి. తల్లి మాత్ర మాత్రం ఆ తర్వాతా ఆగకూడదు. పద్దెనిమిదో నెలకు ఆ బిడ్డ నడుచుకుంటూ నా గదిలోకి వస్తాడు, సూది కనిపించగానే బల్ల కిందకు దూరతాడు.