పిస్టల్ ఎందుకు తంతుంది, ఎంత తంతుంది

హనుమకొండ నయీంనగర్ కాలేజీల్లో ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లంతా తుపాకీ లెక్క చేసే ఉంటారు. గుండు ద్రవ్యరాశి, వేగం ఇచ్చి, తుపాకీ ఎంత వేగంతో వెనక్కి వస్తుందో కనుక్కోమంటారు. ద్రవ్యవేగ నిత్యత్వం రాస్తే రెండు లైన్లలో జవాబు. పరీక్షకు అది చాలు. మామునూరు పోలీసు శిక్షణలో మొదటిసారి పిస్టల్ పట్టిన చేతికి మాత్రం చాలదు.

ముందు లెక్కే చూద్దాం. ఒలింపిక్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడే పాయింట్ 22 (అంటే 0.22 అంగుళాల) గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 300 మీటర్లకు అటూఇటూ. 9 ఎంఎం గుండు 7.5 గ్రాములు, వేగం 350 మీటర్లు. పాయింట్ 45 దాదాపు 15 గ్రాములుంటుంది గానీ 250 మీటర్ల దగ్గరే ఆగుతుంది. అంటే ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) 22 కన్నా 9 ఎంఎం మూడు రెట్లు పైనే, 9 ఎంఎం కన్నా 45 ఇంచుమించు 40 శాతం ఎక్కువ. గుండు వెనకే దూసుకొచ్చే తుపాకీ మందు వాయువూ తన వంతు తంతుంది. పాఠ్యపుస్తకం దాన్ని పట్టించుకోదు.

అసలు తేడా తుపాకీ బరువులో ఉంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ రజతం గెలిచిన 25 మీటర్ల పోటీలో పిస్టల్ 1.4 కిలోల దాకా ఉండొచ్చు. చిన్న తూటా, బరువైన పిస్టల్. గొట్టం ముక్కు కదిలీ కదలనట్టు ఉంటుంది. 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తెచ్చిన పాయింట్ 32 ‘నిర్భీక్’ రివాల్వర్ అర కిలోనే. ఆడవాళ్లకు తేలిగ్గా ఉంటుందని ప్రచారం చేశారు. హ్యాండ్‌బ్యాగుకు తేలికే, మణికట్టుకు కాదు. అదే తూటాకు తుపాకీ బరువు సగమైతే వెనక్కి వచ్చే వేగం రెట్టింపు, ఆ శక్తీ రెట్టింపే.

45 తోసినట్టు ఉంటుందని, 9 ఎంఎం చురుగ్గా కొడుతుందని షూటర్లు చెప్పుకుంటారు. అందులో తూటా మహిమ కొంతే అని నా అనుమానం. పాత 1911 మోడల్ 45 పిస్టల్ ఉక్కుతో చేసింది, కిలోకు పైనే తూగుతుంది. 9 ఎంఎం తూటా పేల్చే ప్లాస్టిక్ ఫ్రేము గ్లాక్ 17 ఖాళీగా 600 గ్రాముల పైచిలుకే.

రివాల్వర్‌లో వెనక్కి జారే భాగం లేదు, దెబ్బంతా నేరుగా అరచేతికే. పిస్టల్‌లో స్లైడు వెనక్కి జారి స్ప్రింగును నొక్కుతుంది. మొత్తం తోపు అంతే, కానీ కాస్త ఎక్కువ సేపు పరుచుకుంటుంది. షాకబ్జర్లు బాగున్న బండి స్పీడ్ బ్రేకర్ దాటినట్టు. పైగా రివాల్వర్ గొట్టం పిడికిలికి బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి ముక్కు పైకి లేస్తుంది. అందుకే ఇటలీ కంపెనీ కియాప్పా తన రైనో రివాల్వర్‌లో తూటాలుండే చక్రంలోని పై గదికి బదులు కింది గది పేలేలా చేసింది.

ఇంత చేసినా గురి తప్పితే నేరం రీకాయిల్‌ది, అంటే ఆ తన్నుది, కాదు. తూటా పేలాక మిల్లీసెకను, రెండు మిల్లీసెకన్లలో గుండు గొట్టం దాటిపోతుంది. మన ఒంటికి ఆ దెబ్బ తెలిసి స్పందించడానికి దానికి వంద రెట్లు పడుతుంది. చెడగొట్టేది దెబ్బ కాదు, దెబ్బ పడబోతుందన్న టెన్షన్. పేలకముందే చెయ్యి బిగుసుకుని ముక్కును కిందికి నొక్కేస్తుంది. శిక్షకులు దీన్ని పట్టుకోవడానికి చెప్పకుండా మ్యాగజైనులో ఒక డమ్మీ తూటా కలుపుతారు. అది పేలదు, తన్నదు. అయినా పిస్టల్ ముక్కు టక్కున కిందికి వంగుతుంది.