విశ్వం విస్తరిస్తుంటే ఆండ్రోమెడా మనవైపు ఎందుకు వస్తోంది?

కార్తీకంలో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బడి పిల్లలకు ఆకాశం చూపించే ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది: గెలాక్సీలన్నీ దూరంగా జరుగుతుంటే పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మన పాలపుంతను ఎలా ఢీకొంటుంది? విశ్వ విస్తరణ పాఠాన్ని 1929లో ఖగోళవేత్త హబుల్‌తో మొదలుపెట్టడం వల్లే ఈ చిక్కు.

కొలతలు 1912లోనే మొదలయ్యాయి. అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో ఖగోళవేత్త వెస్టో స్లిఫర్ ఆండ్రోమెడా వర్ణపటం తీస్తే గీతలు నీలం వైపు జరిగి కనిపించాయి. అంటే అది సెకనుకు 300 కి.మీ. వేగంతో ఇటే వస్తోంది. వేగం తెలిసిన మొట్టమొదటి గెలాక్సీయే దగ్గరవుతున్నదన్నమాట! 1917 నాటికి ఆయన కొలిచిన 25 గెలాక్సీల్లో 21 దూరమవుతున్నవి. 1927లో బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్, 1929లో హబుల్ ఈ వేగాలను దూరాలతో ముడిపెట్టారు.

ఆ 300లో ఎక్కువ వాటా మనదే. సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 230 కి.మీ. వేగంతో తిరుగుతూ ఇప్పుడు కాస్త అటుగానే పోతున్నాడు. అది తీసేస్తే మిగిలేది 110.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి విస్తరణ వేగం సెకనుకు సుమారు 70 కి.మీ. (హబుల్‌కు 500 వచ్చింది. దూరాలు కొలవడానికి వాడే, వెలుగు పెరిగి తగ్గే సెఫీడ్ చుక్కల్లోని రెండు రకాలను ఒకటే అనుకోవడం అందుకు ఒక పెద్ద కారణమని 1952లో ఖగోళవేత్త బాడే తేల్చాడు.) ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి దాని వాటా 54 మాత్రమే. అంత దగ్గర్లో గురుత్వాకర్షణదే పైచేయి. ఐదు కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన కన్య గెలాక్సీల గుంపు దగ్గరకొచ్చేసరికి విస్తరణ వేగం వెయ్యి దాటుతుంది, ఇక అది గెలుస్తుంది. మొదట దూరం జరిగి, ఆగి, వెనక్కి తిరిగిన జంట మనది. అలా తిరగాలంటే ఎంత బరువుండాలో 1959లో ఖగోళవేత్తలు కాన్, వోల్టియర్ లెక్కగట్టారు. కనిపించే చుక్కల బరువు అందుకు ఏమాత్రం చాలలేదు, అంటే కంటికి కనిపించని బరువూ ఉందన్నమాట.

ఆండ్రోమెడాను చూడాలంటే నవంబరు మధ్యలో, వెన్నెల లేని రాత్రి తొమ్మిదిన్నరకు, ఊరి దీపాలకు దూరంగా ఉత్తరానికి తిరగండి. మన జిల్లాల్లో అది సుమారు 64 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఉత్తరాభాద్ర జంటలో ఉత్తరపు చుక్క నుంచి ఈశాన్యంగా రెండో చుక్క మిరాక్. అక్కడి నుంచి ఉత్తరానికి మళ్లి రెండు మసక చుక్కలు లెక్కపెడితే, రెండోదాని పక్కనే ఆండ్రోమెడా. 7×50 బైనాక్యులర్ చాలు. ఫొటోల్లోని సుడిని వెతికేవాళ్లు దాన్ని దాటిపోతుంటారు. కంటికి అందేది నడిమి భాగపు మసక మచ్చే.

ఢీకొన్నా చుక్కలు గుద్దుకోవు. సూర్యుడికీ, దానికి అతి దగ్గరి చుక్క ప్రాక్సిమాకూ మధ్య వరుసగా పేరిస్తే దాదాపు 2.9 కోట్ల సూర్యుళ్లు పడతారు. రాపిడి వాయుమేఘాలకే, అక్కడ కొత్త చుక్కలు పుడతాయి.

అసలు ఢీకొంటాయా అన్నది పక్కవాటు వేగం మీద ఉంది. వర్ణపటం దాన్ని చెప్పదు. హబుల్ టెలిస్కోపు ఏళ్ల తేడాతో తీసిన చిత్రాలతో 2012లో అది చాలా తక్కువని తేలి, 400 కోట్ల ఏళ్లలో ఢీ ఖాయమన్నారు. 2025లో పెద్ద మెజెలానిక్ మేఘం అనే పక్క చిన్న గెలాక్సీ లాగుడును, కొలతల్లోని పొరపాటు మేరను కలిపి లెక్కిస్తే, వచ్చే 1000 కోట్ల ఏళ్లలో ఢీకొనే అవకాశం దాదాపు సగానికి సగం అని వచ్చింది. పిల్లలకు ఇంకా "ఖాయం" అని చెప్పడం సరికాదు.