మొహాలను బట్టి ఫోటోలు సర్దడం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఫోటో స్టూడియో అంటే ఇప్పుడు పెళ్లిళ్లు ఒక్కటే కాదు. హార్డ్‌డిస్కో పాత ఆల్బమో తెచ్చి "ఎవరి ఫోటోలు వాళ్లకి విడదీసివ్వండి" అని అడిగేవాళ్లూ వస్తున్నారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: కంప్యూటర్‌కి మనుషులు తెలిసిపోతారు.
వాస్తవం: తెలియరు. మొహం ఎక్కడుందో పట్టుకుని, దాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. అంకెలు దగ్గరగా ఉన్న మొహాలను ఒక గుంపులో వేస్తుంది. ఆ గుంపు ఎవరిదో మనమే చెప్పాలి. అందుకే రొట్టెల పండుగ ఫోటోలిస్తే, స్వర్ణాల చెరువులో మీ వెనక నిలబడ్డవాళ్లకీ గుంపులు కడుతుంది. వీధి ఫ్లెక్సీ మీది నాయకుడు కూడా మీ ఇంటి మనిషైపోతాడు! అలాంటివి దాచేసే వీలుంది, దాచేయండి.

అపోహ: గుండు చేయించుకుంటే గుర్తుపట్టదు.
వాస్తవం: దానికి జుట్టుకంటే కళ్లు, ముక్కు, నోరే ముఖ్యం. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చినా మామూలుగా పట్టేస్తుంది. తడబడేది పక్కకు తిరిగిన మొహాలు, మసక ఫోటోలు, కవలలు, పసిపిల్లల దగ్గర. ఉయ్యాల్లో బిడ్డ, బడికెళ్లే బిడ్డ ఒకరేనని చాలాసార్లు మనమే కలపాల్సి వస్తుంది.

అపోహ: ఫోటోలన్నీ నెట్‌లో పెట్టాల్సిందే.
వాస్తవం: గూగుల్ ఫోటోస్ ఆ పని తన సర్వర్లలో చేస్తుంది. ఐఫోన్ ఫోన్‌లోనే చేసుకుంటుంది. ఉచితంగా దొరికే డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే చేస్తుంది.

అపోహ: పేరు ఒక్కసారి పెడితే శాశ్వతం.
అసలు చిక్కు ఇక్కడే. గూగుల్ ఫోటోస్‌లో పెట్టిన పేరు మీ ఖాతాలో ఉంటుంది, ఫోటో ఫైలు లోపలికి వెళ్లదు. ఆ ఫోటో దించి అన్నయ్యకు ఇస్తే బొమ్మ వెళ్తుంది, పేరు వెళ్లదు. మొహాల గుర్తింపును 2009లో తెచ్చిన పికాసా అనే తన ఫోటోల సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2016లో ఆపేసింది. ఇప్పుడున్న యాప్‌లకూ ఆ రోజు రావచ్చు. డిజికామ్ అయితే పేరును ఫైలు లోపలే రాయగలదు. సెట్టింగ్‌లలో అది ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. పేరు కూడా "అమ్మమ్మ" అని పెట్టకండి. మీ మేనమామ పిల్లలకు ఆవిడ నాయనమ్మ కదా! ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయండి.

ఇంత చేసి ఆ ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే, సైజు తగ్గడంతో పాటు లోపల రాసిన పేరు, తేదీ కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.