నోడ్ సర్వర్‌లో లాగింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: చిన్న సర్వరే కదా, కన్సోల్.లాగ్ చాలు.

సర్వర్‌లో ఏం జరుగుతోందో లైన్లుగా రాసే కన్సోల్.లాగ్ మన లాప్‌టాప్‌లో చాలు. ప్రొడక్షన్‌లో, అంటే అసలు యూజర్లు వాడే సర్వర్‌లో, దాన్ని తగ్గించడానికీ పెంచడానికీ మీట ఉండదు. కన్సోల్.డీబగ్ అని రాసినా నోడ్‌లో అది కన్సోల్.లాగ్‌కు మారుపేరే. పైగా లినక్స్‌లో ఫైల్‌కైనా టెర్మినల్‌కైనా ఆ రాత సింక్రనస్. అది పూర్తయ్యేదాకా ఈవెంట్ లూప్ (నోడ్‌లో పనులను వంతులవారీగా నడిపేది) ఆగాల్సిందే.

అపోహ: లెవెల్ మార్చాలంటే కోడ్ మార్చాలి.

అక్కర్లేదు. లెవెల్ అంటే ఒక లాగ్ లైను ఎంత ముఖ్యమో చెప్పే అంకె. నోడ్ లాగింగ్ లైబ్రరీ పీనోలో ట్రేస్ 10, డీబగ్ 20, ఇన్ఫో 30, వార్న్ 40, ఎర్రర్ 50, ఫేటల్ 60. ఇన్ఫో పెడితే 30 కంటే తక్కువవి రావు. ఈ లెవెల్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోండి, అది లేకపోతే ఇన్ఫో. అంతా ఒకే ఫైల్‌లో నాలుగైదు లైన్లు. మిగతా మాడ్యూల్స్ దాన్నే ఇంపోర్ట్ చేసుకుంటాయి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: వేరియబుల్ సెట్ చేసినంత మాత్రాన పీనో దాన్ని తనంతట తాను చదవదు, మనమే అందించాలి. సర్వర్ నడుస్తుండగా కూడా లాగర్ లెవెల్ మార్చవచ్చు. కాకపోతే అప్పటికే తయారైన చైల్డ్ లాగర్లు (అసలు లాగర్ నుంచి విడిగా తీసినవి) పాత లెవెల్‌లోనే ఉండిపోతాయి. విన్‌స్టన్ అనే మరో లాగింగ్ లైబ్రరీ వాడేవారికి లెక్క తలకిందులు: ఎర్రర్ 0, డీబగ్ 5.

అపోహ: డీబగ్ ఆఫ్ చేస్తే ఖర్చు సున్నా.

లైను ప్రింట్ కాదు, అంతే. ఆ కాల్‌లో జేసన్.స్ట్రింగిఫై (ఆబ్జెక్ట్‌ను టెక్స్ట్‌గా మార్చేది) రాసి ఉంటే ఆ పని ముందే జరిగిపోతుంది. ఆబ్జెక్ట్‌ను ఉన్నదున్నట్టు ఇవ్వండి.

అపోహ: ఎర్రర్‌ను ఎలా రాసినా లాగ్‌లో పడుతుంది.

నన్ను అడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఎర్రర్ ఆబ్జెక్ట్‌ను మామూలుగా స్ట్రింగిఫై చేస్తే వచ్చేది ఖాళీ బ్రాకెట్లు. పీనోలో మెసేజ్ ముందు, ఎర్రర్ తర్వాత ఇస్తే, మెసేజ్‌లో దానికి చోటు (%s లాంటి గుర్తు) పెట్టకపోతే, ఎర్రర్ చప్పుడు లేకుండా పోతుంది. అర్ధరాత్రి ఫోన్ వచ్చి చూస్తే 'పేమెంట్ ఫెయిల్' అన్న ముక్క తప్ప స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపేది) ఉండదు. ఆ టెన్షన్ వద్దనుకుంటే ఎర్రర్ ఉన్న ఆబ్జెక్ట్ ముందు, మెసేజ్ తర్వాత.

అపోహ: రిక్వెస్ట్ బాడీ మొత్తం రాసిపెడితే మంచిదే.

పాస్‌వర్డ్, ఓటీపీ, ఆథరైజేషన్ హెడర్ కూడానా? పీనోలో రిడాక్ట్ ఆప్షన్ ఉంది. అయితే మీరు చెప్పిన ఫీల్డ్‌లనే దాస్తుంది. మెసేజ్ వాక్యంలో కలిపేసిన ఓటీపీని పట్టుకోలేదు.

అపోహ: లాగ్ ఫైళ్లు రొటేట్ చేయడం (పాతవి పక్కనపెట్టి కొత్తవి మొదలుపెట్టడం) యాప్ పని.

స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు రాసి వదిలేయండి, మిగతాది దాన్ని నడిపే ప్లాట్‌ఫామ్ చూసుకుంటుంది. డాకర్ అయితే ఒక్కటి చూసుకోండి: లాగ్‌లను భద్రపరిచే డిఫాల్ట్ జేసన్-ఫైల్ డ్రైవర్‌లో సైజు పరిమితి ఉండదు. మ్యాక్స్-సైజ్, మ్యాక్స్-ఫైల్ పెట్టకపోతే డిస్క్ నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది.