మినమాట బురద ఎక్కడికి పోయింది?

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ప్రస్తావన వస్తే, మాటలు తిరిగి తిరిగి టెయిలింగ్ పాండ్ దగ్గరే, అంటే ప్లాంటు వ్యర్థాన్ని నింపే చెరువు దగ్గరే ఆగుతాయి. 2007లో శంకుస్థాపన, 2012లో ప్లాంటు మొదలు. ఇక్కడి ముడిఖనిజంలో టన్నుకు అర కిలో యురేనియం కూడా ఉండదు. మిగతాది దాదాపు అంతా వ్యర్థమే. బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. దాన్ని శుభ్రం చేయలేరా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. జపాన్‌లోని మినమాట అఖాతంలో ఆ పని చేశారు. ఎలా చేశారన్నదే చూడాలి.

అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీకి పాదరసం వాడేది. అందులో కొంత మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి సముద్రంలోకి, చేపల్లోకి, అవి తిన్నవాళ్ల నరాల్లోకి ఎక్కింది. పిల్లులు గింగిరాలు తిరుగుతూ పోయి నీళ్లలో పడేవి. 1956 మే 1న ఈ జబ్బు అధికారికంగా నమోదైంది.

1959లో కంపెనీ సొంత ఆసుపత్రి డాక్టర్ హజిమె హొసొకావా ఆ ప్లాంటు వ్యర్థాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. ప్రయోగాల్లో దాని నెంబరు 400. దానికీ అదే జబ్బు వచ్చింది. యాజమాన్యం ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పైగా ఆ డిసెంబరులో ‘సైక్లేటర్’ అనే శుద్ధి యంత్రం పెట్టింది. ప్రారంభోత్సవం నాడు కంపెనీ అధ్యక్షుడు అందులోంచి వచ్చిన నీళ్లంటూ గ్లాసెడు తాగి చూపించాడు. అవి ఆ నీళ్లు కావు. అసలు ఆ యంత్రం పాదరసాన్ని తీయడానికి చేసిందీ కాదు. (రిబ్బన్ కటింగులు మనకూ కొత్త కాదనుకోండి.) 1968 మేలో ఆ తయారీ ఆపేశారు. కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకున్నది సెప్టెంబరులో!

ఇక శుభ్రం చేసే పని 1977 నుంచి 1990 దాకా సాగింది. ఖర్చు సుమారు 4,850 కోట్ల యెన్. పాదరసం 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) దాటిన బురద 15 లక్షల ఘనపు మీటర్లు తేలింది. దాన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. అఖాతం లోపలి భాగానికి ఉక్కు రేకులతో అడ్డుగోడ కట్టి, మిగతాచోట్ల తోడిన బురదను కూడా అందులోకే పంపి, పైన షీటు పరిచి మట్టి కప్పారు. అలా 58 హెక్టార్ల నేల తయారైంది. ఇప్పుడది పార్కు. విషపు చేపలు బయటికి పోకుండా 1974లో అఖాతం మూతికి కట్టిన వలను 1997లో గానీ విప్పలేదు.

పాదరసం మూలకం, కుళ్లి నశించేది కాదు. అందుకే ఉప్పునీళ్లలో ఆ ఉక్కు ఎన్నాళ్లు నిలుస్తుందన్న బెంగ అక్కడివాళ్లకు ఇంకా ఉంది. మన దగ్గర ప్లాంటు యురేనియాన్ని లాక్కున్నా, ఖనిజంలో దానితోపాటే ఉండే రేడియోధార్మిక మూలకం రేడియం వ్యర్థంలోనే మిగులుతుంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఇక్కడ చెరువు అడుగున వేసిన పొర సరిగ్గా ఉందా లేదా అన్న తగువు నడుస్తోంది. గని మూతపడ్డాక ఆ గట్టును ఎవరు చూస్తారు, దానికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అన్నదాకా మాట ఇంకా పోలేదు.